కేకేసి కొట్టిన పిట్ట

నా మొదటి గ్రౌస్ పదిహేనడుగుల దూరంలో, రాలిన పాప్లర్ ఆకులు పచ్చగా పరుచుకున్న బాట మీద, మెడ సాచి నన్నే చూస్తూ నిలబడింది. నా వెనక మా అల్లుడు ఊపిరి బిగబట్టాడు. ఆయన వెనక ఆయన స్నేహితుడు తన క్రాస్‌బో కిందికి దించి నాకు వంతు వదిలాడు. నేను బాణం తొడిగాను. తాడు చెంపదాకా లాగాను. బాణం మొనను పిట్ట రొమ్ముకు సరిపెట్టాను. అంతవరకు అన్నీ నేర్పినట్టే చేశాను. ఆ తరవాత నోరు తెరిచి, పదెకరాల చేను ఆ చివరిదాకా వినబడేటట్టు, "హోయ్, పో" అని కేక పెట్టాను.

గ్రౌస్ లేచేటప్పుడు అయ్యే చప్పుడు ఎప్పుడూ వినని వాళ్లకు చెప్పడం కష్టం. చెవి పక్కన ఎవరో పాత మోటారు సైకిల్‌ను ఒక్క కిక్కుతో స్టార్ట్ చేసినట్టు ఉంటుంది. పిట్ట చెట్ల మధ్యలోకి దూసుకుపోయింది. నా బాణం కొంచెం ఆలస్యంగా బయలుదేరి, అది అంతకుముందు నిలబడిన చోట ఆకుల్లోకి దూరింది.

స్నేహితుడు నేల మీద కూలబడి నవ్వాడు. మా అల్లుడు అల్లుడు కాబట్టి నవ్వలేదు. చెట్టువైపు తిరిగి నిలబడ్డాడు, కానీ వేటకు తొడుక్కునే నారింజ రంగు వెస్ట్ లోపల భుజాలు ఎగురుతూనే ఉన్నాయి. కాసేపటికి కళ్లు తుడుచుకుని, ఎందుకరిచారత్తమ్మా అని అడిగాడు. నేను అరిచిన సంగతి నాకు అప్పుడే తెలిసింది.

గ్రౌస్ అంటే మన కౌజుపిట్టకు పెద్దన్న లాంటిది. నాటుకోడి పెట్టలో సగం ఉంటుంది. రంగు ఎండుటాకు రంగు, నడక మాత్రం పెళ్లికి వచ్చిన వియ్యపురాలి నడక. ఆగి ఆగి, అటూ ఇటూ చూసి, తనకు ఎవరూ ఎదురు రాలేదే అన్నట్టు నడుస్తుంది. అంత తీరికగా నడిచే పిట్టను తుపాకీ లేకుండా విల్లుతో కొట్టడమే ఇందులో సరదా అని మావాళ్లిద్దరి వాదన. దగ్గరికి పోవాలి, చప్పుడు కాకూడదు, ఒక్క బాణమే ఉందనుకోవాలి. ఈ మూడింట్లో రెండు నాకు బాగానే వచ్చాయి.

ఎందుకు అరిచానో ఇంటికి వచ్చే దారిలో కారు వెనక సీట్లో కూర్చుని ఆలోచించుకున్నాను. ఆలోచించడానికి పెద్దగా ఏమీ లేదు. నేను ఏడేళ్ల వయసు నుంచి పిట్టలు కాసినదాన్ని. మా పాలమూరు జొన్నచేలలో గింజ పాలు పోసుకునే రోజుల్లో పొద్దు పొడవక ముందు మంచె ఎక్కితే మళ్లీ పొద్దుగూకాకనే దిగడం. చేతిలో వడిసెల, ఒడిలో ఎండబెట్టిన మట్టి ఉండలు. చిలుకలు గుంపుగా వాలేవి, పిచ్చుకలు వాన పడ్డట్టు పడేవి, కౌజులు కింది నుంచి నడిచి వచ్చేవి. నాకు వడిసెల తిప్పడం నేర్పింది మా నాయనమ్మ. తాడు ఎట్లా తిప్పాలో, ఏ వేలు వదలాలో చెప్పడానికి ముందే ఆమె ఒక కట్టడి పెట్టింది. ముందు కేక, తరవాత రాయి. కేక వేయకుండా ఒక్క ఉండ కూడా చెయ్యి దాటకూడదు. పిట్టకు పోవడానికి సందు ఇవ్వాలి. "చెప్పి కొడితే కావలి, చెప్పకుండ కొడితే దొంగతనం" అనేది.

ఒకసారి నేను చప్పుడు చేయకుండా ఒక చిలుకను గురి చూస్తుంటే, వెనక నుంచి వచ్చి వడిసెల తాడుతోనే నా వీపు మీద ఒకటి వేసింది. వేసే ముందు నాకు కేక వేయలేదు, అది వేరే సంగతి.

ఎనిమిదేళ్లు ఆ మంచె మీద గడిపాను. కేక, రాయి. కేక, రాయి. చెయ్యి లేస్తే నోరు తెరుచుకోవడం రెప్ప కొట్టుకోవడం లాగా అయిపోయింది. దాదాపు యాభై ఏళ్లు గడిచాయి కదా, ఎక్కడో పోయి ఉంటుందనుకున్నాను. ఎక్కడికీ పోలేదు. సముద్రం ఇవతల, మా అమ్మాయి వాళ్లుండే వాటర్లూ నుంచి రెండు గంటల దూరంలో, పాప్లర్ అడవిలో, నా గొంతులోనే కూర్చుని ఉంది.

అసలు విల్లు నా చేతికి ఎట్లా వచ్చిందో చెప్పాలి. మా అల్లుడు పొద్దంతా కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి. కళ్ల డాక్టరు దూరంగా ఉన్న వస్తువులు చూస్తూ ఉండమన్నాడట. ఇంకొకరైతే కిటికీలోంచి చూస్తారు. ఈయన విల్లు కొనుక్కొచ్చాడు. ఆయన ఆఫీసులోనే పనిచేసే ఈ కడప స్నేహితుడు, నేను వెనకబడతానా అని క్రాస్‌బో కొన్నాడు. క్రాస్‌బో అంటే తుపాకీ కట్టెకు విల్లును అడ్డంగా కట్టినట్టు ఉంటుంది, ట్రిగ్గర్ నొక్కితే బాణం పోతుంది. దానికి పైన దుర్భిణి కూడా. అది పట్టుకుంటే ఆయన మాట తీరే మారిపోయేది.

చలికాలం ఇద్దరూ మా బేస్‌మెంట్‌లో ప్రాక్టీసు మొదలుపెట్టారు. గురికి నేనే బియ్యం బస్తాలు నాలుగు కలిపి కుట్టి, లోపల పాత బట్టలు కుక్కి ఇచ్చాను. మా అల్లుడి బాణాలు బస్తాకు తప్ప అన్నిటికీ తగిలేవి. లాండ్రీ బుట్టకు తగిలింది, ఫ్రీజర్ తలుపుకు తగిలింది, మెట్ల కింద పెట్టిన మామిడికాయ పచ్చడి జాడీకి వెంట్రుకవాసిలో తప్పింది. ఉతికిన బట్టలు తీసుకుని మెట్ల మీదే ఆగిపోయి, బస్తాను కొంచెం పక్కకు జరపమంటారా అల్లుడు గారూ, మీకు అడ్డం వస్తున్నట్టుంది అన్నాను. ఆయనకు కోపం రాలేదు. విల్లు నా చేతిలో పెట్టి పక్కకు జరిగాడు.

మొదటి రోజు నేను కూడా ఏమీ పొడవలేదు. తాడు నా మోచేతికి కొట్టుకుని అప్పడమంత వాచింది. కానీ గురి అనేది చేతిలో ఉండదు, కంట్లో ఉంటుంది. చేతికి పద్ధతి తెలియడానికి నెల పట్టింది. మంచు కరిగే సరికి ఆరు బాణాలు వేస్తే అయిదు బస్తా నడుమ ఉండేవి. ఒకరోజు బాణం లాగితే మొనకు జరీ పోగు అంటుకుని వచ్చింది. నేను కుక్కిన పాత బట్టల్లో మా అమ్మాయికి ఇష్టమైన పట్టుచీర కూడా ఉందని అట్లా తెలిసింది. ఆ సంగతి ఇక్కడితో ఆపుతాను.

అడవికి పోవాలంటే విల్లు చాలదు, లైసెన్సు కావాలి. లైసెన్సుకు ముందు కోర్సు, కోర్సు చివర పరీక్ష. నాకు అక్షరాలు వచ్చింది యాభై ఆరో ఏట, ఇక్కడికి వచ్చాకే. మనవరాలిని ఆదివారం తెలుగు క్లాసుకు తీసుకుపోయి వెనక బెంచీలో కూర్చునేదాన్ని. పిల్లలు దిద్దుతుంటే ఊరికే ఎందుకు కూర్చోవాలని నేనూ దిద్దాను. ఇంగ్లీషు అక్షరాలు లైబ్రరీలో, కొత్తగా వచ్చిన వాళ్లకు చెప్పే క్లాసులో. అంతకుముందు ఊళ్లో పన్నెండేళ్లు బడిలోనే పనిచేశాను, కానీ వంటగదిలో. గోడకు అటువైపు పిల్లలు ఎక్కాలు చదువుతుంటే ఇటువైపు పప్పు కలిపేదాన్ని. ఎక్కాలు వచ్చాయి, అంకెలు మాత్రం రాలేదు.

పరీక్ష కోసం ఫ్రిజ్ నిండా కాగితాలు అంటించుకున్నాను. పాల కోసం తలుపు తీసిన వాళ్లంతా బాతుల రకాలు చదువుకోవలసి వచ్చేది. పరీక్షలో ఒక ప్రశ్న నాకు ఇంకా గుర్తుంది. బాణం వదిలే ముందు ఏం చేయాలి? కింద నాలుగు జవాబులు. నాలుగూ వేలు పెట్టి రెండుసార్లు చదివాను. నాకు కావలసినది అందులో లేదు. చివరికి, పిట్ట వెనక ఏముందో చూసుకోవాలి అన్నదానికి గుర్తు పెట్టాను. అదే సరైనదట. నాకు అప్పుడే అనుమానం రావలసింది. కానీ పాసైన సంతోషంలో రాలేదు. కార్డు వచ్చిన రోజు దాని మీద నా పేరు నేనే చదువుకుని, పర్సులో పెట్టుకుని, మళ్లీ తీసి చదువుకున్నాను.

ఆ కార్డు పర్సులో పెట్టుకుని పోయిన మొదటి వేటలోనే నేను కేకేశాను. తిరిగి వచ్చేటప్పుడు కాఫీకి ఆగాం. స్నేహితుడు అప్పటికీ నవ్వు ఆపుకోలేకపోతున్నాడు. విల్లులు కొనక ముందు నుంచే ప్రతి ఏడూ నవంబరు మొదట్లో వీళ్లు ఉత్తరాన అడవిలో ఒక క్యాబిన్ తీసుకుని మూడు రోజులు ఉంటారు. ఈసారి నేనూ వస్తానని ఎప్పుడో అనుకున్నదే. ఆయన కాఫీ కప్పు మూత తీస్తూ నా వైపు తిరిగాడు.

"పెద్దమ్మా, నువ్వు పిట్టల్ని కొట్టే మనిషివి కాదు, కాపాడే మనిషివి. క్యాబిన్‌కు రా, కానీ విల్లు ఎందుకు? మసాలా డబ్బా తెచ్చుకో. మేము కొట్టుకొస్తాం, నువ్వు వండిపెట్టు."

ఆ మాటలో వెటకారం కంటే ఆకలి ఎక్కువ. ఆయన నా చేతి కూర తిన్నప్పుడల్లా కంచం నాకేవాడు. అయినా నాకు చురుక్కుమంది. మరి క్యాబిన్ నుంచి తిరిగి వచ్చేలోపు ఒక్క పిట్టను కొడితే అని అడిగాను. అట్లా పందెం పడింది. కొడితే ఆ పిట్టను ఆయనే వండుతాడు, నేను కాలు మీద కాలేసుకుని తినాలి. కొట్టకపోతే వచ్చే ఏడు నుంచి విల్లు గోడకు, నేను వాళ్ల క్యాంపు వంటకు. మా అల్లుడు సాక్షి. ఆయన ఎవరి పక్షమో చెప్పకుండా డోనట్ తిన్నాడు.

నవ్వుతూనే ఒప్పుకున్నాను కానీ లోపల నవ్వలేదు. బడిలో వంట, పెళ్లిళ్లలో వంట, ఇక్కడికి వచ్చాక ఎవరింట్లో పండగైనా ఆంటీ చేతి పులిహోర. వంటంటే నాకు కోపమేమీ లేదు. కానీ ఎక్కడికి పోయినా నేను గడప దాటేలోపే గరిటె నాకు ఎదురొస్తుంది. అడవిలో మాత్రం ఎవరూ నా చేతికి గరిటె ఇవ్వలేదు. అక్కడ నేను బాణాల సంచి తగిలించుకుని, ముందు నడిచే ఇద్దరితో పాటు నడిచే మూడో మనిషిని. ఆ మూడో చోటు పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

అక్టోబరు అంతా నా నోటితో నేను చేసిన యుద్ధం. రెండో వేటలో పెదవులు బిగించి పట్టుకున్నాను. కేక ముక్కులోంచి వచ్చింది. మూడోసారి చలికి కట్టుకున్నట్టు మఫ్లర్‌తో నోరు కట్టుకున్నాను. కేక ఉన్నిలోంచి దూరి వచ్చింది, కొంచెం బొంగురుగా. రెండు పిట్టలూ దండం పెట్టి వెళ్లిపోయాయి. ఈలోపు స్నేహితుడు రెండు కొట్టాడు, అల్లుడు ఒకటి. ఆ మూడూ నేనే వండాను. ప్రతిసారీ స్నేహితుడు ముక్క కొరుకుతూ, నీ చోటు ఇదే పెద్దమ్మా అన్నట్టు గరిటె వైపు చూసేవాడు.

మా అల్లుడు దీన్ని ప్రోగ్రాంలో తప్పు వెతికినట్టు వెతికాడు. నన్ను ఫోన్‌లో వీడియో తీసి, తాడు లాగడానికీ కేకకూ మధ్య ఎంత సమయం ఉందో కొలిచాడు. ఏం లేదత్తమ్మా, ఆర్డర్ మారిస్తే చాలు, ముందు వదలండి, తరవాత అరవండి అన్నాడు. ఆయన చెప్తే ఎంత తేలికగా ఉందో. చిత్రమేమంటే బస్తా ముందు నిలబడితే నాకు కేక రాదు. బస్తాకు ప్రాణం లేదని నా నోటికి తెలుసు. మా అమ్మాయి స్కెచ్ పెన్నుతో బస్తా మీద ముక్కూ కళ్లూ పెట్టి పిట్టను వేసింది. ఆ రోజు బేస్‌మెంట్‌లో నేను పెట్టిన కేకకు పైన కుక్కర్ దగ్గర ఆమే ఉలిక్కిపడింది.

నోట్లో ఏదైనా పెట్టుకో అమ్మా అని ఆమే సలహా ఇచ్చింది. బాగానే ఉందనుకున్నాను. నాలుగో వేటలో, పడిపోయిన చెట్టు మొద్దు మీద గ్రౌస్ కనబడగానే ఫ్లాస్కు మూతలోని టీ అంతా నోట్లో పోసుకున్నాను. బుగ్గలు రెండూ పూరీల్లా ఉబ్బాయి. తాడు లాగాను. లోపలి నుంచి కేక బయలుదేరింది, బయట దారి మూసి ఉంది, దానికి దొరికిన దారిలో అది వచ్చింది. టీ ముక్కులోంచి కారింది, దగ్గు పట్టుకుంది. గ్రౌస్ సరే, ఆ చుట్టుపక్కల ఉన్న ఉడతలు కూడా ఆ రోజు మళ్లీ కనబడలేదు. స్నేహితుడు నా వీపు నిమురుతూ, చక్కెర సరిపోయిందా పెద్దమ్మా అని అడిగాడు.

ఆ రోజు కారులో మా అల్లుడు కొంచెం మెల్లగా, మీకు మనసు ఒప్పకపోతే మానేద్దాం అత్తమ్మా అన్నాడు. మనసు ఒప్పకపోతే పరీక్ష ఎందుకు రాస్తాను? నలభై ఏళ్లుగా కోళ్లను నా చేత్తో కోసినదాన్ని. జాలి కాదు అది. చెప్పకుండా కొట్టడం నాకు చేతకావడం లేదు, అంతే. ఆ మాట పైకి అంటే పిల్లలు నవ్వుతారని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

నవంబరు వచ్చింది. ఉత్తరానికి ఏడు గంటల ప్రయాణం. పోను పోను పాప్లర్లు తగ్గిపోయి అంతా నల్లటి స్ప్రూస్ చెట్లు. వాటికి ఆకులు ఉండవు, సూదులు ఉంటాయి. క్యాబిన్‌లో కట్టెల పొయ్యి, నాలుగు మంచాలు. నేను మసాలా డబ్బా తెచ్చాను కానీ సంచి అడుగున దాచాను. మొదటి రోజు ఎవరికీ ఏమీ కనబడలేదు. రెండో రోజు స్నేహితుడు ఒకటి కొట్టాడు. నాకు దొరికింది ఒకటే, అది కూడా నేను విల్లు ఎత్తగానే కేక విని పోయింది. ఆ సాయంత్రం పిట్ట నేనే వండాను. స్నేహితుడు ఈసారి గరిటె వైపు చూడలేదు. నా విల్లు తీసుకుపోయి, గోడకున్న మేకుకు తగిలించి చూసి, ఇక్కడ బాగుంటుంది గదా అని అల్లుణ్ని అడిగి, మళ్లీ తెచ్చి నా పక్కన పెట్టాడు.

మూడో రోజు చివరి రోజు. మర్నాడు పొద్దున్నే వెనక్కి ప్రయాణం. రాత్రి పొడిమంచు పడింది, పిండి జల్లినట్టు సన్నగా. కట్టెల లారీలు ఎప్పుడో నడిచిన పాత బాట మీద ముగ్గురం వరసగా నడుస్తున్నాం. ముందు నేను. పదకొండు గంటల వేళ బాట వంపు తిరిగిన చోట, ఒక స్ప్రూస్ చెట్టు కింది కొమ్మ మీద, నా తల ఎత్తులో, ఇరవై అడుగుల దూరంలో పిట్ట కూర్చుని ఉంది. గ్రౌసే, కానీ మేము రోజూ చూసే రకం కాదు. నల్లగా ఉంది. కంటి మీద ఎర్రటి గీత, బొట్టు కనుబొమ మీదికి జారినట్టు. వెనకంతా ఎత్తైన మట్టి కట్ట. పరీక్షలో గుర్తు పెట్టినదాన్ని గుర్తు తెచ్చుకుని అది కూడా చూసుకున్నాను.

తాడు లాగాను. ఇక నోటిని ఆపే ప్రయత్నం కూడా చేయలేదు. "హోయ్, పో" అని కేక వచ్చింది.

కొమ్మ మీది మంచు కొంచెం రాలింది. పిట్ట తల పక్కకు వంచి నన్ను చూసింది. పోలేదు.

నాకు ఏం చేయాలో తోచలేదు. ఎనిమిదేళ్ల మంచె మీద కానీ, ఈ నెలన్నర అడవిలో కానీ నా కేకకు లేవని పిట్ట నాకు తగల్లేదు. తాడు మెల్లగా వదులు చేసి వెనక్కి చూశాను. స్నేహితుడు గుసగుసగా చెప్పాడు, ఈ రకానికి ఇక్కడివాళ్లు పిచ్చికోడి అని పేరు పెట్టారట, మనుషుల్ని ఎరగదు, దగ్గరికి పోయినా కదలదట. వేసెయ్యండత్తమ్మా అని అల్లుడు చేత్తో సైగ చేశాడు.

నేను రెండోసారి కేకేశాను, ఇంకా గట్టిగా. పిట్ట ఒక కాలు మార్చి ఇంకో కాలు మీద నిలబడింది. ముక్కు చాచి ఒక సూది తెంపుకుని తిన్నది. మూడోసారి కేక కాదు, దానితో మాట్లాడాను. చూడు తల్లీ, నేను కొట్టడానికే వచ్చాను, ఇది బాణం, ఉత్తది కాదు, రెక్కలున్నాయి నీకు, పో అని వివరంగా చెప్పాను. వింటున్నట్టే ఉంది.

"ఇక్కడ పుట్టిన పిట్ట గదా పెద్దమ్మా, తెలుగు రాదేమో. ఇంగ్లీషులో చెప్పు" అన్నాడు స్నేహితుడు.

అది కూడా ఎందుకు మిగలాలని, "గో" అన్నాను. మా మనవరాలిలాగే అది కూడా విననట్టు కూర్చుంది.

మళ్లీ తాడు లాగాను. ఈసారి నోటికి ఏమీ రాలేదు. చెప్పవలసినదంతా చెప్పేసిన నోరు అది. గొంతు ఖాళీగా, చల్లగా ఉంది. అంత నిశ్శబ్దంలో నేను ఎప్పుడూ గురి చూడలేదు, అదే కొత్త. బాణం పిట్ట నెత్తి మీదుగా పోయి పై కొమ్మకు తగిలింది. మంచు దాని మీద కురిసింది. అది ఒళ్లు దులుపుకుని మళ్లీ కుదురుగా కూర్చుంది. వెనక ఎవరో నవ్వు మింగిన చప్పుడైంది. రెండో బాణం తీశాను. చిన్న పిట్టల కోసం వాడే బాణానికి మొన మొద్దుగా ఉంటుంది, నా మట్టి ఉండలాగే. అది తగిలిన చప్పుడు కూడా అట్లాగే ఉంది. పిట్ట రెక్క విప్పకుండా మంచులో పడింది.

నేను పరుగెత్తలేదు. నడిచి పోయి చేతిలోకి తీసుకున్నాను. వెచ్చగా ఉంది, కనబడినంత బరువు లేదు. మా అల్లుడు వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన ఎప్పుడూ అట్లా వేయడు. ఇంట్లో నేను ఆయనను మీరు అంటాను, ఆ క్షణంలో "కొట్టిన చూడు అల్లుడా" అని వచ్చేసింది. ఆయన కూడా దాన్ని పట్టించుకోలేదు.

పట్టించుకున్నది స్నేహితుడు, కానీ వేరే దాన్ని.

"ఇది చెల్లదు పెద్దమ్మా. పారిపోని పిట్టను కొడితే అది వేటెట్లయితాది?"

"పారిపొమ్మని చెప్పకుండ కొడితే ఎట్లయితది నాయనా? నువ్వు మూడు కొట్టినవు. ఒక్కదానికన్న చెప్పినవా?"

ఆయన సాక్షి వైపు చూశాడు. సాక్షి బాణాలు వెతికే పనిలో ఉన్నాడు. క్యాబిన్ దాకా ముగ్గురం వరసగా నడిచాం. నా పిట్ట లెక్కలోకి వచ్చిందో లేదో నాకు తెలియలేదు.

క్యాబిన్ వెనక మొద్దు మీద పెట్టి పిట్టను నేనే కోశాను. గొంతు కింద ఉండే మేత సంచి చీరి చూశాను. అది మా పాత అలవాటు. చేలో చచ్చిన పిట్ట దొరికితే ఆ సంచి చీరి, ఎన్ని గింజలు తిన్నదో చూసి తిట్టేవాళ్లం. దీని సంచి నిండా ఆకుపచ్చటి సూదులు. ఒక్క గింజ లేదు. ఇది ఎవరి చేనూ మేయలేదు. ఎవరి సొత్తూ ముట్టకుండా తన చెట్టు మీద తన ఆకు తింటూ కూర్చున్న పిట్టను నాలుగు కేకలేసి కొట్టాను. నాయనమ్మ కట్టడిలో దీనికి జవాబు ఉన్నదేమోనని వెతికాను. ఆమెకు ఇట్లాంటి పిట్ట ఎన్నడూ ఎదురుపడి ఉండదు. ఆ సూదులను మంచు మీద పోసి, కత్తి తుడుచుకుని లేచాను.

లోపలికి వచ్చి ఉల్లిగడ్డలు ముందు పెట్టుకున్నాను. చేతులు వాటంతట అవే కోయడం మొదలుపెట్టాయి. రెండో ఉల్లిగడ్డ సగంలో ఉండగా స్నేహితుడు వచ్చి నా పక్కన నిలబడ్డాడు. తరవాత నా చేతిలోంచి కత్తి తీసుకున్నాడు.

"జరుగు పెద్దమ్మా. పందెం పందెమే."

మసాలా డబ్బా ఎక్కడుందో అడిగాడు. సంచి అడుగున ఉందన్నాను. దాచినావా అన్నాడు. దాచాను అన్నాను.

నేను పొయ్యికి ఎదురుగా కుర్చీలో కూర్చున్నాను. కాలు మీద కాలేసుకోమని అల్లుడు గుర్తుచేశాడు, వేసుకున్నాను. అట్లా కూర్చోవడం ఎంత కష్టమో మీకు తెలియదు. ఆయన నూనె కాగకముందే ఉల్లిగడ్డ వేశాడు. అల్లం వెల్లుల్లి ముద్ద పచ్చివాసన పోకముందే ముక్కలు వేశాడు. మూత పెట్టవలసినప్పుడు తీశాడు, తీయవలసినప్పుడు పెట్టాడు. ఉప్పు ఒకసారి వేసి, వేశానో లేదో అని తలగోక్కుని, మళ్లీ వేశాడు. నా చేతులు ఊరుకోకపోతే తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

మధ్యాహ్నం మూడు దాటాక కంచాలు వచ్చాయి. వేటాడిన వాళ్లకే కందనకాయ అని మా ఇళ్లలో లెక్క. నేను ఆ సంగతి ఆయనతో ఎప్పుడూ అనలేదు. వాళ్ల ఇళ్లలో కూడా అదే లెక్కేమో. గిన్నెలో గరిటెతో వెతికి, కందనకాయ తీసి, నా కంచంలో వేశాడు. నేను కొట్టిన పిట్ట చెల్లిందని ఆయన చెప్పిన తీరు అదే. తరవాత ఎదురుగా కూర్చుని, తినకుండా నన్నే చూశాడు.

"ఎట్లుంది పెద్దమ్మా?"

కూర ఉప్పు కషాయం. దాని వెనక స్ప్రూస్ చెట్టు వాసన, క్రిస్మస్ చెట్టును నమిలినట్టు. కందనకాయ సగం ఉడికింది. నెలన్నర నుంచి ఏ పిట్ట ముందూ ఆగని కేక ఒకటి నా గొంతులో బయలుదేరి నాలుక చివరిదాకా వచ్చింది. పెదవులు మూసి, దాన్ని ముక్కతో పాటు మింగేశాను.

"బాగుంది నాయనా. ఇంకొంచెం వెయ్యి" అన్నాను.